రెండు ధరల జట్టు: నున్నటి గడ్డం

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో గుర్తుందిగా? ఐనార్ పంపిన నోటీసు వాళ్ళక్క థోరా బల్ల మీద పడింది. అందులో ఉన్నది ఒకటే సంగతి. ఫోర్ట్ లార్క్ స్టర్జన్స్ ఐస్ హాకీ జట్టులో సగం వాటా ధర ముప్ఫై నాలుగు కోట్ల డాలర్లు. ఆ ధరకు థోరా తన సగం తమ్ముడికి అమ్మాలి, లేదంటే అదే ధర తమ్ముడికిచ్చి అతని సగం కొనుక్కోవాలి. మూడో దారి లేదు. శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చాలి. నోరు మెదపకపోతే అమ్మినట్టే లెక్క.

లాయర్లు దీన్ని తుపాకి షరతు అంటారు. పోయిన పెద్దాయన మాగ్నస్ బ్యార్నసన్ మాత్రం కేకు షరతు అనేవాడు. చిన్నప్పుడు పిల్లలిద్దరూ కేకు కోసం జుట్లు పట్టుకుంటుంటే ఆయన పెట్టిన కట్టుబాటు అది. ఒకరు కోయాలి, రెండోవాళ్ళు ముందు ఎంచుకోవాలి. పెద్ద ముక్క తనకు మిగలదని తెలిసినవాడు సమానంగానే కోస్తాడు. జట్టును పిల్లల పేర రాసేటప్పుడు ఆయన అదే కట్టుబాటును లాయరు భాషలో రాయించి వెళ్ళిపోయాడు.

నా పేరు కార్నీ ఫ్రీసెన్. హాకీ జట్లకు ధర కట్టడం నా వృత్తి. పొలాలకు, ఇళ్ళకు ధర కట్టేవాళ్ళను చూస్తే నాకు కుళ్ళు. పొలం రాత్రికి రాత్రి లేచి పక్క దేశానికి పోదు కదా.

ఆదివారం మధ్యాహ్నం థోరా కారులో ఇద్దరం సరస్సు ఒడ్డునున్న వాళ్ళమ్మ ఇంటికి బయల్దేరాం. వాళ్ళమ్మ రగ్నాకు ఎనభై దాటాయి. ఆట లేని ప్రతి ఆదివారం పిల్లలిద్దరూ వచ్చి ఆమె బల్ల దగ్గర తినాల్సిందే. మధ్యలో నోటీసులు నడుస్తున్నా, తుపాకులు పేలుతున్నా ఆమెకు అనవసరం. ఈసారి నన్ను కూడా తీసుకురమ్మందట. ధర కట్టేవాడికి అన్నం పెట్టి పంపాలనుకుందో, మొహం చూసి తూకం వెయ్యాలనుకుందో నాకు తెలియదు.

శనివారం ఆట ఓడిపోయాం. కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో అవతలి జట్టు ఇంకొక్క ఆట గెలిస్తే చాలు. మంగళవారం కూడా ఓడితే ఈ ఏటికి ఇంటికి పోవడమే. ఊరంతా పెళ్ళిలో మూడు రాత్రులు మేల్కొన్న మొహాలతో తిరుగుతోంది. థోరా కళ్ళకింద చర్మం సంచుల్లా వేలాడుతోంది. నేను పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

"పొట్టు కారులో పడెయ్యకు" అంది. "చెప్పు, ఎంత కట్టావు?"

"మొత్తం జట్టుకు అరవై కోట్లు."

"అంటే నా సగం ముప్ఫై. వాడు ముప్ఫై నాలుగు ఇస్తానంటున్నాడు."

"అవును."

మా జట్టు ప్రతి ఏడూ నష్టంలోనే నడుస్తుంది. టికెట్లు మా దేశపు చవక డాలర్లలో అమ్ముకుంటాం, ఆటగాళ్ళ జీతాలు అమెరికా డాలర్లలో ఇచ్చుకుంటాం. ఆట జరిగే అరీనా నిండినా బొక్కసం నిండదు. అయినా ప్రతి ఏడూ జట్టు ధర పెరుగుతూనే ఉంటుంది. పాలివ్వని ఆవుకు ధర పెరగడమేమిటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. కారణం చిన్నదే. లీగ్‌లో జట్లు ముప్ఫై చిల్లర. అంతకుమించి లీగ్ పుట్టనివ్వదు. జట్టు కావాలని చెక్కుబుక్కు పట్టుకు తిరిగే కోటీశ్వరులు మాత్రం అంతకు పదింతలు ఉన్నారు. ఒక ఊరి జట్టుకు ధర ఆ ఊరిని చూసి పలకదు, జట్టు లేని ఊళ్ళను చూసి పలుకుతుంది. నేను కట్టిన అరవై కోట్లు జట్టు ఫోర్ట్ లార్క్‌లోనే ఉంటే పలికే ధర. థోరా నన్ను అడిగింది అదొక్కటే.

"అమ్మేస్తున్నా కార్నీ" అంది ఉన్నట్టుండి.

నేను గింజలు నమలడం ఆపాను.

"అలా చూడకు. నాకు నిద్ర కావాలి. అంతే. ప్రతి వేసవీ ఎవడో ఒక గోల్‌కీపర్ గడ్డం పట్టుకుని బతిమాలాలి. ప్రతి చలికాలం మేయర్ గుమ్మం ముందు నిలబడాలి. ఓడితే కిరాణా కొట్టువాడు కూడా చిల్లర విసిరేసినట్టిస్తాడు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఇంకెన్నాళ్ళు?" బ్యాగు వైపు చూపించింది. "సంతకం పెట్టేశాను. భోజనాలయ్యాక వాడి చేతికిచ్చేస్తాను."

"జట్టు ఇక్కడే ఉంటుందని ఐనార్ అన్నాడా?"

"ఫోన్లో నాన్న మీద ఒట్టేశాడు."

"మరి ఆ నాలుగు కోట్లు ఎందుకు ఎక్కువ? మీ తమ్ముడు తన చేపల ఫ్యాక్టరీలో చేపకు ఒక్క సెంటు ఎక్కువ పెట్టే రకం కాదే."

"ప్రేమనుకో" అంది థోరా. "వాడికీ జట్టంటే ప్రాణమే. నాన్న భుజాల మీద కూర్చుని చూసినవాడు. నాకు నాలుగు ఎక్కువిచ్చి మంచి అనిపించుకుందామనుకున్నాడేమో."

ప్రేమకు ధర కట్టడం నాకు చేతకాదు. సరస్సు మీద మంచు బూడిదరంగుకు తిరిగి అక్కడక్కడ విరిగిపోతోంది. ఏప్రిల్ నెలాఖరు.

రగ్నా గారి వంటింట్లో ఉల్లిపాయలు, వెన్నలో వేగుతున్న పికరెల్ చేప వాసన కొట్టింది. ఆవిడ నా గడ్డాన్ని ఎగాదిగా చూసింది.

"నీ మొహానికి గడ్డం బాగోదు కార్నీ. మేక నమిలి వదిలేసినట్టుంది."

"నాకూ తెలుసండీ రగ్నా గారూ. రెండు వారాలుగా దురదతో చస్తున్నా."

"చావు. కానీ గీయకు" అని పొయ్యివైపు తిరిగింది.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ప్లేఆఫ్స్ మొదలైన రోజునుంచి జట్టు ఓడిపోయేదాకా, లేదా కప్పు గెలిచేదాకా ఫోర్ట్ లార్క్‌లో మగవాడన్నవాడు గడ్డం గీయడు. ఆటగాళ్ళు మొదలుపెట్టిన దీక్ష ఇది. ఇప్పుడు ఊరంతటిదీ. చర్చిలో పాస్టరు, స్కూలు బస్సు డ్రైవరు, సమాధులు తవ్వేవాడు, అందరూ అడవి మనుషుల్లా తిరుగుతారు. మెయిన్ స్ట్రీట్ మంగలి లెస్టర్ దుకాణానికి బోర్డు పెడతాడు: చేపలు ఈదినంతకాలం కత్తి నిద్రపోతుంది. స్టర్జన్ అంటే చేపే మరి. జుట్టు కత్తిరిస్తాడు గానీ గడ్డం మీద చెయ్యి వెయ్యడు. మాగ్నస్ చనిపోయిన ఏడాది శవపేటికలో ఆయన గడ్డంతోనే ఉన్నాడు. నేను కళ్ళారా చూశాను.

ఇంతలో బయట ట్రక్కు ఆగింది. ఐనార్ వంటింటి తలుపులోంచి వచ్చాడు. బూట్లు విప్పాడు. టోపీ తీశాడు. మెడ చుట్టూ కప్పుకున్న మఫ్లరు తీశాడు.

బుగ్గలు నున్నగా ఉన్నాయి.

పెనం మీద చేప చిటపటలాడుతోంది. రగ్నా గారు గరిటె పట్టుకుని కొడుకు మొహం కేసి అలాగే చూస్తోంది. ఐనార్‌కు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. చెయ్యి బుగ్గమీదికి పోయింది.

"ఓ, ఇదా" అన్నాడు. "ఎలర్జీ. డాక్టరు తీసెయ్యమన్నాడు."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంది తల్లి. "కూర్చో. చేప చల్లారిపోతుంది."

"మంగళవారం ఓడితే అందరూ గీసుకునేదేగా అమ్మా. రెండు రోజులు ముందు..."

"రోగి మంచం మీద మాట్లాడుతుండగానే దినాలకు గాడిపొయ్యి తవ్వినట్టుంది నీ వరస. తిను."

తిన్నాం. అంటే నేను తిన్నాను. థోరా ఫోర్కు పట్టుకుని తమ్ముడిని చూస్తూ కూర్చుంది. ఆమె మొహంలో కారులో కనిపించిన నీరసమే ఉంది. కానీ చూపు మాత్రం ఆటలో రబ్బరు పక్ బిళ్ళ వెంట పరుగెత్తే చూపు. నేను అంకెలు చూసే మనిషిని. నున్నటి బుగ్గలో నాకు నున్నటి బుగ్గే కనిపించింది. ఆమెకు ఇంకేదో కనిపిస్తోంది.

"ఏ డాక్టరురా?" అంది మెల్లగా.

"ఏంటక్కా?"

"నీకు గడ్డం గీసుకోవడం చిన్నప్పటినుంచీ రాదు. గీసుకున్నప్పుడల్లా మెడ దగ్గర రెండు గాట్లు పడాల్సిందే. నాన్న కాగితం ముక్కలు అంటించి స్కూలుకు పంపేవాడు. ఇప్పుడు ఒక్క గాటు లేదు. ఇది నువ్వు గీసుకున్నది కాదు. ఎవరో గీశారు."

ఐనార్ ఆలుగడ్డ నోట్లో పెట్టుకున్నాడు.

"మన ఊళ్ళో ఎవరూ గీయరు" అంది థోరా. "ఈ నెలలో ఈ చుట్టుపక్కల ఏ మంగలీ గీయడు. అంటే ఊరు దాటి వెళ్ళావు. నీ కాలరు లోపలివైపు గోధుమరంగు పొడి ఉంది చూడు. టీవీవాళ్ళు నాకూ రాస్తారది, ఎంత ఉతికినా పోదు. నీ మొహం గీసి, పొడి పూసి, దీపాల ముందు కూర్చోబెట్టారు. ఎవర్రా వాళ్ళు?"

ఐనార్ నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి, అది అతనిలో మిగల్లేదని నాకు అర్థమైంది.

"ఫోటో తీశారు" అన్నాడు. "ప్రకటన కోసం. వచ్చే నెల వేసుకుంటారు."

"ఎక్కడ?"

"దక్షిణాన. ఎడారిలో ఊరు. కొత్త అరీనా కట్టేశారక్కా. ఖాళీగా ఉంది."

"మంచుగడ్డ అంటే గ్లాసులో వేసుకునేదనుకుంటారు అక్కడ" అంది తల్లి, ఎవరితోనో అన్నట్టు.

"ఎంత?" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు, వృత్తి అలాంటిది.

"మొత్తానికి నూట పదిహేను కోట్లు."

ఆ అంకె నాకు వింతేమీ కాదు. అలాంటి ఎడారి ఊళ్ళకు నేనే ధరలు కట్టిచ్చాను. జట్టు ఇక్కడే ఉంటుందని ఐనార్ ఒట్టేశాడు కాబట్టి ఆ రెండో లెక్క వెయ్యలేదు. ఉంటే అరవై, పోతే నూట పదిహేను. ఒకే జట్టు, అవే జెర్సీలు, అవే విరిగిన పళ్ళ ఆటగాళ్ళు.

"ఇప్పుడర్థమైంది" అన్నాను. "నీ నాలుగు కోట్ల ప్రేమ."

"ఎగతాళి చెయ్యకు కార్నీ. నువ్వూ ఇలాంటివి వంద చూసుంటావు." అక్కవైపు తిరిగాడు. "అవునక్కా, లెక్క వేసే కోశాను. బ్యాంకు జట్టు విలువలో మూడో వంతుకు మించి అప్పివ్వదు. అరవైలో మూడో వంతు ఇరవై. ముప్ఫై నాలుగు నీకు పుట్టదు. అందుకే ముప్ఫై నాలుగు అన్నాను. నువ్వు కొనలేవు, అమ్ముతావు. నీకు నష్టం లేకుండా నాలుగు ఎక్కువే పెట్టాను. దొంగతనం చెయ్యలేదు."

కత్తి పట్టినవాడికి లాభం ఉండేది ఒక్కటే సందర్భంలో. అవతలివాడికి ఆకలి లేదని ముందే తెలియాలి. మాగ్నస్ కట్టుబాటులో ఉన్న చిల్లు అదే. పిల్లల ఆకలి ఎప్పటికీ ఒకేలా ఉంటుందనుకున్నాడు పెద్దాయన.

"నాన్న మీద ఒట్టేశావు" అంది థోరా. గొంతు పెంచలేదు.

"వేశాను." ఐనార్ నున్నటి మొహాన్ని రెండు చేతులతో రుద్దుకున్నాడు. "ఏం చెయ్యమంటావక్కా? నువ్వు జట్టు చూసుకున్నావు, నేను చేపల ఫ్యాక్టరీ చూసుకున్నాను. నాన్న అలా పంచాడు. ప్రతి ఏడూ నీ జట్టుకు గొయ్యి పడితే పూడ్చింది ఎవరు? నా ఫ్యాక్టరీ. నీకు మంచి గోల్‌కీపర్ కావాలన్న ఏడు నా ఫ్రీజరు ఆగిపోయింది. బాగు చేయించడానికి డబ్బుల్లేక మూడు లారీల చేపలు గుంట తీసి పాతిపెట్టాను. పాతికేళ్ళుగా కంపు నాది, చప్పట్లు నీవి."

అందులో అబద్ధం లేదు. నాకు ఐనార్ మీద కోపం రావాలి. కానీ జాలేసింది. అతని చేతులు చూశాను. చల్లటి నీళ్ళలో బతికిన చేతులు, వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నాకూ నిద్ర కావాలి" అన్నాడు. ఇందాక కారులో ఆమె అన్న మాటే.

రగ్నా గారు లేచింది. ప్లేట్లు తీసింది. అల్మరాలోంచి వినార్టెర్టా తెచ్చింది. మా దగ్గర ఐస్‌లాండ్ మూలాల వాళ్ళ ఇంట పండగకూ చావుకూ ఉండే కేకు అది. పొరకూ పొరకూ మధ్య ఎండు ఆలూబుఖరా ముద్ద. ఎక్కువగా క్రిస్మస్‌కే చేస్తారు. ఏప్రిల్లో ఎందుకు చేసిందో నేను అడగలేదు. చిన్న కేకే. పళ్ళెంలో పెట్టి, కత్తిని కొడుకు ముందు పెట్టింది.

"కొయ్యి" అంది.

"అమ్మా, ఇప్పుడా?"

"నువ్వేగా కత్తి పట్టింది. కొయ్యి. మీ నాన్న పద్ధతి. కార్నీ బయటివాడు, వాడికి తర్వాత పెడతాను."

ఐనార్ కోశాడు. అలవాటు తప్పిందేమో, కత్తి పక్కకు జరిగింది. ఎడమ ముక్క పెద్దదైంది. నలుగురం దాన్ని చూశాం.

థోరా బ్యాగు తెరిచి సంతకం పెట్టిన కాగితం తీసింది. ఐనార్ ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద వేసి, కాలుతున్న కాఫీ కెటిల్‌ను దాని మీద పెట్టింది.

"నాకు ఆకలేస్తోందిరా" అంది. పెద్ద ముక్క తన ప్లేటులోకి లాక్కుంది. "నీ సగం నేను కొంటున్నా."

"దేంతో?" ఐనార్ నవ్వబోయాడు. "ఇప్పుడేగా చెప్పాను. ఇరవైకి మించి..."

"అరవై మీద ఇరవై. నూట పదిహేను మీద ఎంత కార్నీ?"

నాకు ఆ ప్రశ్న నచ్చలేదు. జవాబు అంతకన్నా నచ్చలేదు. "ముప్ఫై ఎనిమిది పైన."

"సరిపోతుంది. అయితే ఆ ధర రాసివ్వు. ఈ జట్టు విలువ నూట పదిహేను కోట్లని నీ సంతకంతో కాగితం ఇవ్వు. రేపు బ్యాంకు తెరిచేసరికి నేను అక్కడుంటా."

"థోరా, ఒక్క నిమిషం ఆలోచించు. ఆ ధర ఎడారిది. ఇక్కడిది కాదు. ఆ ధర మీద అప్పు తెస్తే వడ్డీ ఈ ఊరి టికెట్లతో తీరదు. తీరకపోతే బ్యాంకువాడు నువ్వు చూపించిన ధరకే జట్టును అమ్మమంటాడు. ఆ ధరకు కొనేది ఎవరు? వాళ్ళే. పోకుండా ఆపడానికి తెచ్చిన అప్పే దాన్ని సాగనంపుతుంది."

"ఎన్నేళ్ళు పడుతుంది?"

"రెండు. మూడు. బాగా ఆడితే ఇంకొకటి."

"ఈ మంగళవారానికి, ఆ పై మూడేళ్ళకు జట్టు ఉంటుందిగా. ఆలోగా ఏదో చూస్తాను. ఎప్పుడు మాత్రం అంతకన్నా ముందుకు చూశాం మనం?"

ఐనార్ మొహం తెల్లబోయింది. గడ్డం లేదు కదా, దాచుకోవడానికి ఏమీ లేదు.

"అక్కా, అలా చెయ్యకు" అన్నాడు. గొంతులో నోటీసు పంపిన మనిషి లేడు. "నువ్వు కొనవనే నమ్మకంతో... నేను వాళ్ళ దగ్గర బయానా తీసుకున్నాను. ఫ్యాక్టరీ ఆరు నెలలుగా దాని మీదే నడుస్తోంది. జీతాలు ఇచ్చాను, కొత్త ఫ్రీజర్లు పెట్టాను. జట్టు వాళ్ళకు చేరకపోతే తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఫ్యాక్టరీ వాళ్ళది. రాసిచ్చాను."

రగ్నా గారు కాఫీ పోస్తోంది. పోస్తూనే ఉంది. కప్పు నిండి సాసరులోకి కారేదాకా ఆగలేదు. ఆ సంగతి ఆమెకు కూడా తెలియదన్నమాట. చేపల ఫ్యాక్టరీ అంటే మాగ్నస్ పడవ ఒక్కటే పెట్టుబడిగా మొదలుపెట్టిన ఫ్యాక్టరీ. ఆ వీధిలో సగం ఇళ్ళలో దీపం వెలిగేది దాని వల్లే.

"నన్ను ముంచేస్తావా అక్కా?"

థోరా కేకు ముక్కను ఫోర్కుతో తుంచింది. నోట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉంది: ఎంగిలి పడ్డ ముక్కను వెనక్కి ఇవ్వకూడదు. నెమ్మదిగా నమిలింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. నమలడం మాత్రం ఆపలేదు.

"బాగా కుదిరిందమ్మా" అంది. లేచి కోటు వేసుకుంది. తమ్ముడి వెనక్కి వెళ్ళి అతని నున్నటి బుగ్గమీద అరచెయ్యి ఆనించింది, చిన్నపిల్లాడికి జ్వరం చూసినట్టు. "ముందు గడ్డం పెంచుకోరా. మంగళవారం ఆట ఉంది. ఈ మొహంతో అరీనాకు రాకు, జనం కొడతారు."

ఆమె తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఐనార్ తన ముందున్న చిన్న ముక్కను చూస్తూ కూర్చున్నాడు. నేను కూడా లేచాను. బూట్లు తొడుక్కుంటుంటే నా నడుం పట్టేసింది.

మెట్లు దిగేసరికి థోరా కారు స్టార్టు చేసి, స్టీరింగు మీద తల ఆనించుకుని ఉంది. నేను నా వైపు తలుపు తియ్యబోతుంటే వెనకనుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. రగ్నా గారు. చెప్పుల్లేకుండా, మేజోళ్ళతోనే బురదలోకి వచ్చేసింది. చేతిలో మైనం కాగితంలో చుట్టిన పొట్లం ఉంది.

"నీ ముక్క" అంది. "తర్వాత పెడతానన్నానుగా."

"లోపలికి వెళ్ళండి రగ్నా గారూ, చలి."

ఆమె నా చెయ్యి వదల్లేదు. కత్తి తెచ్చి కొడుకు ముందు పెట్టిన మనిషి, కూతురు పెద్ద ముక్క తీసుకుంటుంటే రెప్ప వెయ్యకుండా చూసిన మనిషి. కూతురి పక్షమే అనుకున్నాను.

"ఆ ధర రాయకు కార్నీ."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నీ సంతకం లేకపోతే బ్యాంకు ఇవ్వదు. అది కొనలేకపోతుంది. నీ లెక్క తప్పిందను, రూలు ఒప్పుకోదను, ఏదో ఒకటి చెప్పు. దానికి తెలియనివ్వకు, నేనడిగానని." ఊపిరి కూడదీసుకుంది. "జట్లు ముప్ఫై చిల్లర ఉన్నాయిగా. నాకు కొడుకు ఒక్కడే."

"మరి థోరా?" అన్నాను.

"అది నిలబడుతుంది. వాడు నిలబడలేడు. ఏ పిల్ల నిలబడుతుందో తల్లికి తెలియదా?" పొట్లం నా కోటు జేబులో దోపింది. "అందుకే దాన్నెప్పుడూ ఆఖర్న పట్టించుకున్నాను. పాపం నాదే. ఇంకొక్కసారి మూటగట్టుకుంటాను."

మేజోళ్ళ కాళ్ళతో వంగి వంగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను కార్లో కూర్చున్నాను. థోరా తలెత్తింది. వెనకద్దంలో మొహం చూసుకుని, చేతివేలితో కళ్ళు తుడుచుకుంది. గేరు వేసింది. కారు రోడ్డెక్కింది.

"రేపు పొద్దున ఎనిమిదికల్లా కాగితం కావాలి నాకు" అంది. "నా వైపు ఇవాళ ఒక్కరైనా ఉన్నారని తెలిసింది కార్నీ. అమ్మ ఆ కత్తి వాడి ముందు పెట్టినప్పుడు చూశావా? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మ నా పక్కన నిలబడింది. లేకపోతే నేను సంతకం కాగితం ఇచ్చేసి వచ్చేసేదాన్ని."

జేబులో కేకు పొట్లం ఇంకా మెత్తగా తగులుతోంది. గడ్డం మళ్ళీ దురద మొదలుపెట్టింది.

"ఇందాక బయట నీతో ఏమంది అమ్మ?"

"కేకిచ్చింది" అన్నాను.